ఢిల్లీ టికెట్లకు చీటీనా, ఆర్‌డీనా, కార్డు బోనసా: ఏది మేలు?

పిల్లలకు వచ్చే వేసవిలో ఢిల్లీ, ఆగ్రా చూపించాలని కిందటేడు మే నెలలో ఇంట్లో మాట వచ్చింది. అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు రాత్రుల ప్రయాణం. పిల్లలేమో విమానం అని పట్టుబట్టారు. మనకు విమానం అంటే బెంగుళూరే. దేవనహళ్లి విమానాశ్రయం నగరానికి ఇవతలే, మన 44వ నంబరు హైవే మీదే ఉంది కాబట్టి సిటీ ట్రాఫిక్‌లో ఇరుక్కునే బాధ లేదు. నలుగురికి రానూపోనూ టికెట్లకు నలభై వేలు అనుకున్నాం. అది ఎక్కడి నుంచి తేవాలన్నదే ప్రశ్న.

"అక్కా, నాతో పాటు లక్ష చీటీ వెయ్యి, ఏప్రిల్‌లో పాడుకుందువు" అంది మా తోడికోడలు. మా ఆయన ఆర్‌డీ, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ అన్నారు. నా మనసు మాత్రం కొత్త క్రెడిట్ కార్డు మీద ఇచ్చే బోనస్ మీదికి పోయింది. ముగ్గురం మా ఇంటి వరండాలో కూర్చుని లెక్కలు వేశాం.

ఆర్‌డీ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. నెలకు 5,000 చొప్పున ఏడాది కడితే 6.5 శాతం లెక్కన వడ్డీ 2,100 చిల్లర వస్తుంది. టెన్షన్ లేదు, మజా కూడా లేదు.

చీటీ అంత తేలిక కాదు. ఇరవై నెలలు, నెలకు 5,000, లక్ష చీటీ. కంపెనీ కమిషన్ మీద చట్టం పెట్టిన పరిమితి 2019 సవరణ దాకా 5 శాతం, ఇప్పుడు 7. అంటే లక్షలో ఏడు వేల దాకా నిర్వాహకులకే పోవచ్చు. ఆఖర్న ఎత్తేవాళ్లకు లాభం, ముందే పాడుకునేవాళ్లకు నష్టం. మనకు డబ్బు కావాల్సింది పదకొండో నెలలో. ఆ నెల ఇంకో ఇద్దరు పోటీకి వచ్చి పాట, అంటే డబ్బు ముందే ఎత్తుకోవడానికి వదులుకునే మొత్తం, పన్నెండు వేల దాకా పోయిందనుకోండి, చేతికి వచ్చేది 88,000. టూరు అయిపోయి, ఫొటోలు పాతబడిపోయాక కూడా ఇంకో తొమ్మిది నెలలు కడుతూనే ఉండాలి. ఇలా మధ్యలో ఎత్తుకుంటే చీటీ పొదుపు కాదు, అప్పే. మా తోడికోడలి మాటలోనూ నిజం లేకపోలేదు. "కట్టకపోతే మొహాన అడుగుతారక్కా, ఆ భయానికే దాచుతాను" అంటుంది. ఆర్‌డీ అయితే ఎవరూ అడగరు. ఏదో అవసరానికి రద్దు చేసుకుంటాం. కాకపోతే చీటీ వేస్తే రిజిస్టరైన కంపెనీలోనే వేయండి. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీలు ఎలా మునుగుతాయో మా ఊళ్లో చాలామందికి తెలుసు.

ఇక కార్డు. మేము చూసిన దానికి చేరిక ఫీజు 5,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 900. 90 రోజుల్లో లక్ష ఖర్చు పెడితే పదివేల విలువైన పాయింట్లు. అంటే మిగిలేది 4,100. ప్రకటనలో మాత్రం పదివేలే కనిపిస్తుంది.

నిజానికి ఇది నా రెండో కార్డు. మూడేళ్ల కింద మొదటిది తీసుకుని బాగా దెబ్బతిన్నాను. అప్పుడు షరతు 60 రోజుల్లో 60,000. నోటుబుక్కు లేదు, లెక్క లేదు. గడువు దగ్గర పడేసరికి ఇంట్లో ఉన్నది బాగానే తిరుగుతున్నా కొత్త వాషింగ్ మెషిన్ కొన్నాను. అంతా చేసినా బోనస్ రాలేదు. నేను కార్డు చేతికి వచ్చిన రోజు నుంచి లెక్కేసుకున్నాను, బ్యాంకు మంజూరు చేసిన రోజు నుంచి లెక్కేసింది. డోర్ నంబర్ తప్పు పడి కొరియర్ ఒకసారి వెనక్కి పోయింది, తొమ్మిది రోజులు అక్కడే పోయాయి. ఫోన్ చేస్తే ఒకమ్మాయి నిబంధనల పేజీ మొత్తం ఓపిగ్గా చదివి వినిపించింది. ఆ మెషిన్ ఇప్పటికీ ఉంది. తిరిగినప్పుడల్లా నాకు ఆ గొంతే వినిపిస్తుంది.

అందుకే ఈసారి దరఖాస్తుకు ముందే ఇంటి ఖర్చుల పుస్తకం తెరిచాను. మా ఇంటి ఖర్చు నెలకు 35,000 దాకా ఉంటుంది. అందులో కార్డు మీదికి ఎక్కేది ఎంత? అద్దె, పెట్రోలు, వాలెట్‌లో వేసుకునే డబ్బు చాలా కార్డుల్లో బోనస్ లెక్కలోకి రావు. కూరగాయలు, పాలు, పనమ్మాయి జీతం నగదే. కిరాణా కొట్టాయన దగ్గర మెషిన్ లేదు, గల్లాపెట్టె పక్కన క్యూఆర్ అట్ట ఉంది. రూపే క్రెడిట్ కార్డు అయితే యూపీఐకి కలిపి ఆ అట్టకే కట్టొచ్చు. మనిషికి మనిషి పంపుకునే యూపీఐకి మాత్రం పనికిరాదు. కిరాణా, అత్తమ్మ మందులు, కరెంటు, గ్యాసు, ఫోన్లు అన్నీ కలిపితే 16,000 తేలింది. మూడు నెలలకు 48,000. లక్షకు సగం కూడా లేదు.

మిగతా 52,000 కొత్తగా పుట్టించకూడదు. ఎలాగూ పోయేదే అయ్యుండాలి. పేజీలు వెనక్కి తిప్పితే జూన్‌లో స్కూలు ఫీజు మొదటి విడత 40,000, జూలైలో బీమా ప్రీమియం 14,000 కనిపించాయి. మొత్తం 1,02,000. అందుకే మే ఆఖరి వారంలో దరఖాస్తు పెట్టాం. అక్టోబరులో పెట్టి ఉంటే ఈ రెండూ ఉండవు, మళ్లీ ఏదో ఒక మెషిన్ కొనేదాన్ని.

కార్డు గీకిన ప్రతిరోజూ రాత్రికల్లా అంత డబ్బూ జీతం ఖాతాలోంచి తీసి వేరే సేవింగ్స్ ఖాతాలో వేశాను. దానికి ఏటీఎం కార్డు కూడా తీసుకోలేదు. బిల్లు వచ్చేసరికి డబ్బు అక్కడ సిద్ధంగా ఉంటుంది. కనీస బకాయి కడితే చాలనే మాట నమ్మకండి. దాంతో ఆలస్య రుసుము తప్పుతుంది కానీ వడ్డీ తప్పదు. నెలకు 3.75 శాతం చొప్పున లక్ష మీద ఒక్క నెలకు 3,750, దానిపై జీఎస్టీ 675. మొత్తం 4,425. మిగులుతుందనుకున్న 4,100 కంటే ఎక్కువ.

ఆ మిగులుకూ చిల్లు పడింది. స్కూలు ఆఫీసులో కార్డుకు రెండు శాతం అదనం అన్నారు. 800 పోయింది. కట్టకపోతే లక్ష నిండదు, కాబట్టి కట్టాను. చివరికి మిగిలింది 3,300.

ఆ అంకె విని మా తోడికోడలు పడీపడీ నవ్వింది. "మూడు వేల కోసం మూడు నెలలు రాత్రిపూట లెక్కలా అక్కా!" ఆర్‌డీ వడ్డీకీ దీనికీ తేడా పన్నెండు వందలే, ఆమె నవ్వడంలో తప్పులేదు. కానీ ఆర్‌డీ వడ్డీ రావాలంటే అరవై వేలు కట్టాలి, అవి మనమే దాచాలి. కార్డుకు కొత్తగా దాచాల్సింది లేదు, ఎలాగూ పోయే డబ్బే వేరే దారిలో పోయింది. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదనీ లేదు. మేము టికెట్ల నలభై వేలకు ఆర్‌డీనే కట్టాం, బోనస్ పైన కలిసింది. పదివేల బోనస్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇద్దరం ఢిల్లీ పోయి అక్కడే ఉండిపోవాల్సి వచ్చేది.

పాయింట్ల విలువ కూడా ఎక్కడ వాడతామన్నదాన్ని బట్టే ఉంటుంది. చాలా కార్డుల్లో కేటలాగులోని మిక్సీకో కుక్కరుకో మారిస్తే పాయింటు పావలాకు అటూఇటూ పలుకుతుంది. విమాన టికెట్టుకైతే అర్ధ రూపాయో రూపాయో వస్తుంది. ప్రయాణం లేనివాళ్లకు ప్రయాణపు కార్డు దండగ.

మా అన్నకు మాత్రం ఇది వద్దే వద్దన్నాను. కళ్యాణదుర్గం దగ్గర శెనక్కాయ వేస్తాడు. జూన్, జూలైలలో విత్తనానికి, సేద్యానికి డబ్బు పోతుంది, చేతికి రావాలంటే పంట ఇంటికి చేరాలి, అదీ వాన దయ. బిల్లు వానకోసం ఆగదు కదా. ఇల్లు కట్టుకోవడానికి లోన్ పెట్టబోయేవాళ్లు కూడా ఆ లోన్ వచ్చేదాకా కొత్త కార్డు జోలికి పోకపోవడమే మంచిది. ప్రతి దరఖాస్తూ సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే మన అప్పుల చిట్టాలో, నమోదవుతుంది.

టూరు అయిపోయింది. ఇప్పుడు పిల్లలు అండమాన్ అంటున్నారు. ఈ జూన్‌లో కార్డు మా ఆయన పేరు మీద, ఆర్‌డీ మళ్లీ మొదలు. మా తోడికోడలు చీటీ ఇంకా ఎత్తలేదు, ఆఖరి నెల దాకా ఆగుతానంటోంది. మొన్న వచ్చి నా పుస్తకం తిరగేసి, "మా పిల్లోని ఫీజు కూడా జూన్‌లోనే కదక్కా" అని ఊరుకుంది.