యాదగిరి, సప్తగిరి ఛానెళ్లలో కళాకార్యక్రమాలు: చూసేవారికి, వినేవారికి ఒక సమీక్ష

సంప్రదాయ కళలను కుదించకుండా చూపే తెలుగు ఛానెల్ ఏదని ఎవరైనా అడిగితే ఇప్పటికీ దూరదర్శన్ పేరే చెప్పాలి. 1977లో హైదరాబాద్ కేంద్రంతో మొదలైన ఈ ప్రసారాలు రాష్ట్ర విభజన తరవాత 2014 నుంచి రెండుగా నడుస్తున్నాయి. తెలంగాణకు యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి. కర్ణాటక సంగీతం, కూచిపూడి, పద్యనాటకం, హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ ఇంటి తెరమీద చూడాలంటే ముందు వెతకాల్సింది ఇక్కడే. ఈ సమీక్షకు వార్తలతో, సీరియళ్లతో పని లేదు.

ఏ కళాకార్యక్రమానికైనా మొదటి పరీక్ష నిడివి. కచేరీలో తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం దగ్గర ఏం చేశారో చూడండి. పాట అయిపోయిందనుకుని అక్కడే పేర్లు వేసేస్తే, మృదంగ విద్వాంసుడు ఆ గంటలో తనకంటూ దక్కే కొద్ది నిమిషాలూ పోగొట్టుకున్నట్టే. మోహరా, ముక్తాయింపు అనే ముగింపు వరసల దాకా వాయించి, మళ్లీ పాట ఎత్తుగడ అందుకునేదాకా కెమెరా ఆగితే ఆ నిర్మాతకు సంగీతం తెలుసని నమ్మొచ్చు. ప్రభుత్వ ఛానెల్‌కు ఆ తీరిక ఉంటుంది, దాని అసలు విలువ అదే. అయినా స్లాటు చూసుకుని ఎంచుకోవాలి. అరగంటలో ఒక వర్ణం, రెండు కీర్తనలు పడతాయి, అప్పటికప్పుడు అల్లి పాడే కల్పనస్వరాలు చివర్లో హడావిడిగా ముగుస్తాయి. తీరిగ్గా విస్తరించి పాడే రాగం తానం పల్లవి వినాలంటే గంట నిడివి ఉన్న కార్యక్రమానికే కూర్చోండి.

ఇక ధ్వని. ఇక్కడ ఛానెల్‌ను నిందించే ముందు సొంత టీవీని పరీక్షించుకోవాలి. మృదంగం ఎడమవైపు మూతకు, అంటే తొప్పికి, కచేరీకి ముందు రవ్వముద్ద పూసి శ్రుతి దించుతారు. గుమికి అనే ఆ మంద్ర నాదం పలచటి టీవీల అడుగున ఉండే చిన్న స్పీకర్లలో దాదాపు వినపడదు. కుడివైపు వలంతల దెబ్బలు మాత్రమే టకటక మోగి, వాద్యం సగమే ఉన్నట్టు తోస్తుంది. అదే ప్రసారాన్ని మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి. గుమికి వినిపిస్తే రికార్డింగ్ బాగానే ఉంది, లోపం మీ స్పీకర్లది. అప్పటికీ వినపడకపోతే మృదంగానికి రెండు తలలకూ కలిపి ఒక్కటే మైకు, అదీ కుడివైపు పెట్టి ఉంటారు.

ధ్వనిలోని లోపాన్ని తంబూరా ఇంకా బాగా పట్టిస్తుంది. ఆలాపనలో గాయకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగగానే తంబూరా ఒక్కసారిగా పైకి ఉబికి, మళ్లీ గొంతు ఎత్తగానే అణిగిపోతోందంటే ఎక్కడో శబ్దాన్ని బలవంతంగా ఒకే మట్టానికి తెస్తున్నారన్నమాట. స్టూడియోలో వాడే లిమిటర్ ఆ పని చేయొచ్చు, మీ టీవీలోని ఆటో వాల్యూమ్ కూడా అదే పని చేస్తుంది. అందుకని సెట్టింగ్స్‌లో ఆటో వాల్యూమ్, సరౌండ్, మాటలను స్పష్టం చేసే మోడ్ మూడూ ఆపేసి, ఆ తరవాతే తీర్పు చెప్పండి. వయొలిన్ విషయంలో లోపం దాదాపు ఎప్పుడూ రికార్డింగ్ వైపే ఉంటుంది. వాద్యానికే అతికించే పికప్ వాడితే కమాను గీరుడు పెరిగి, చెక్క ఇచ్చే నిండుదనం పోతుంది. అడుగు దూరంలో స్టాండు మైకు పెట్టిన కచేరీలో అదే వయొలిన్ ఎంత తియ్యగా ఉంటుందో పోల్చి చూడండి.

తాళం వేసే చేయి తొడను తాకిన క్షణానికీ వినిపించే దెబ్బకూ తేడా ఉంటే మాత్రం వినడం నరకమే. మన ప్రసారంలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేములు ఆలస్యమైతే తాళం తెలిసిన చెవికి ఇట్టే దొరికిపోతుంది. బ్లూటూత్ సౌండ్‌బార్ వాడేవారికి ఈ ఆలస్యం ఇంట్లోనే పుడుతుంది, కేబుల్‌తో కలిపితే చాలావరకు పోతుంది.

ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారు నుంచి వచ్చే త్యాగరాజ ఆరాధన ప్రత్యక్ష ప్రసారాన్ని వేరుగా చూడాలి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని పంచరత్నాలను పెద్ద బృందం ఒక్క గొంతుగా పాడుతుంది. అంతమందికీ మైకులు పెట్టలేరు కాబట్టి మైకుకు దగ్గరగా కూర్చున్నవారి గొంతులే ముందుకు వస్తాయి, వెనక వరసలవారి చరణం ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది. స్టూడియో శుభ్రతను అక్కడ ఆశించకూడదు. ఆ రోజు వినాల్సింది ఆ సామూహిక నాదాన్నే.

కూచిపూడి దగ్గరికి వస్తే అసలు చిక్కు కెమెరా. జతులు, అంటే తాళానికి పలికే అక్షరాలకు వేసే అడుగులు, నడుస్తున్నప్పుడు పాదాలు కనపడాలి, అభినయం నడుస్తున్నప్పుడు ముఖం కనపడాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం పని అయిపోయినట్టే. జతులకు ముగింపైన తీర్మానం మధ్యలో కెమెరా ముఖం మీదికి దూకితే, తాళాలు మోగిస్తూ జతులు పలికే నట్టువాంగం వినిపిస్తుంది, అది పలికించే అడుగు మాత్రం కనపడదు. తరంగంలో ఈ తప్పు మరీ బాధ పెడుతుంది. నర్తకి ఇత్తడి పళ్లెం మీద నిలబడి దాని అంచును కాలివేళ్లతో పట్టుకుని ముందుకు జరుగుతున్నప్పుడు కెమెరా మోకాలి ఎత్తులో ఉండి, నేలతో సహా నిండు ఆకారాన్ని పట్టుకోవాలి. పైనుంచి తీస్తే పళ్లెం కదలికే తెలియదు. భామాకలాపంలో సత్యభామ తెర వెనకనుంచి జడ వేసే ఘట్టం ఇంకో పరీక్ష. ఆ జడ మీద చూపు నిలపకుండా వాద్యబృందం వైపు తిరిగిన దర్శకుడికి, పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడే ప్రవేశదరువు అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదనుకోవాలి. పైగా కూచిపూడిలో వాచికం ఉంటుంది, నర్తకులు నోటితో మాట్లాడతారు. బట్టలకు తగిలించిన మైకుకు హారాలు రాసుకుంటే ఆ గరగర సంభాషణను మింగేస్తుంది. వేదిక ముందు అంచున పెట్టిన మైకులతో తీసినవాటిలో ఈ బెడద ఉండదు గానీ గజ్జెల మోత కాస్త ఎక్కువవుతుంది. రెండింటిలో రెండోదే నయం.

జానపద రూపాల్లో బుర్రకథ టీవీకి తేలిగ్గా ఒదుగుతుంది. కథకుడూ అతనికి వంతపాడే ఇద్దరు వంతలూ కలిసి ముందుకీ వెనక్కీ అడుగులేస్తారు కాబట్టి ముగ్గురూ ఫ్రేములో ఉంటే చాలు, హాస్యపు వంత ముఖకవళికలకు అప్పుడప్పుడూ దగ్గరికి వెళ్లొచ్చు. ఒగ్గుకథకు మాత్రం అరగంట అన్యాయం. మల్లన్న కథో బీరప్ప కథో ఊళ్లో రాత్రంతా నడుస్తుంది. స్టూడియోలో కుదించినప్పుడు ముందు పోయేది కథ కాదు, డోలు విన్యాసమూ, కథకుడి మాటకు మిగతావాళ్లు ఇచ్చే వత్తాసూ. స్టూడియోలో తీసినదీ ఊళ్లో తీసినదీ రెండూ దొరికితే, బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఊళ్లో తీసినదే చూడండి.

తోలుబొమ్మలాట చిత్రీకరణ కష్టం వెలుతురుతో. బొమ్మ తెరకు ఆనుకుని ఉంటుంది, దీపం వెనకనుంచి వస్తుంది. కెమెరాను ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్‌కు వదిలేస్తే చీకటి ఎక్కువుందని భ్రమపడి కాంతి పెంచేస్తుంది, ఎరుపూ ఆకుపచ్చా వెలిసిపోతాయి. ఎక్స్‌పోజర్ బొమ్మ రంగుల మీద కట్టాలి, ముందువైపు స్టూడియో దీపాలన్నీ ఆర్పాలి. ఇప్పుడు వెనక ఎల్ఈడీ బల్బులు పెడుతున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ బల్బులు కొన్ని సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 కాకపోతే తెరమీద నల్లటి పట్టీలు పాకుతాయి. తోలుబొమ్మలకు పేరుపడిన నిమ్మలకుంట ఊరి బొమ్మల్లోని సన్నటి చిల్లుల పని కనపడాలంటే ఇవన్నీ కుదరాలి.

1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక సంప్రదాయానికి దీనికి తలకిందులైన అవసరం. ఆ నాటకాల మాయాదృశ్యాలన్నీ ప్రేక్షకుడి చోటునుంచి చూడటానికే కట్టినవి. దగ్గరి షాటు తీస్తే తీగలు బయటపడతాయి. కెమెరా వెడల్పు షాటులో కదలకుండా నిలబడిన ప్రసారమే మంచి ప్రసారం.

పాత రికార్డింగులు ఈ రెండు ఛానెళ్ల పెద్ద ఆస్తి. అవి 4:3 కొలతలో తీసినవి. 16:9 తెరకు సాగదీస్తే అడ్డంగా మూడోవంతు లావెక్కుతాయి, తంబూరా బుర్ర గుమ్మడికాయలా కనిపిస్తుంది, మోకాళ్లు వంచి నిలిచే అరమండి కొలత చెడిపోతుంది. సాగదీయకుండా తెరంతా నింపాలని పైనా కిందా కోస్తే ఎత్తులో నాలుగోవంతు పోతుంది, నృత్యంలో ఆ పోయేది పాదాలే. రెండుపక్కలా నల్లపట్టీలు వదిలేయడమే సరైన పద్ధతి. మీ టీవీ తనంతట తానే సాగదీస్తుంటే రిమోట్‌లో 4:3 గానీ ఒరిజినల్ గానీ ఎంచుకోండి. యూట్యూబ్‌లో పాత నృత్యాలు చూస్తున్నప్పుడు చేతుల అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే అది నెట్ లోపం కాదు. సెకనుకు 50 ఫీల్డులుగా, అంటే సగం గీతలే ఉండే బొమ్మలుగా, తీసిన టేపును సరిగా మార్చకుండా ఎక్కించారు. అదే టేపును 50 ఫ్రేములుగా మార్చి పెడితే వేగమైన అడుగు కూడా తేటగా కనపడుతుంది.

నెలవారీ చందా లేకుండా చూడాలంటే దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ డీడీ ఫ్రీ డిష్ చాలు. దాని ప్రసారాలు పంపే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది, హైదరాబాద్‌లో డిష్‌ను ఆగ్నేయానికి తిప్పాలి. ఎంపెగ్-4 బాక్సే కొనండి, పాత ఎంపెగ్-2 బాక్సులో కొన్ని ఛానెళ్లు రావు. జోరువానలో కాసేపు బొమ్మ పోవడం మామూలే.

నిజంగా కోపం తెప్పించేది పేర్ల విషయం. యూట్యూబ్‌లో శాస్త్రీయ సంగీతం అన్న ఒక్క ముక్కతో కచేరీ పెడితే అది ఉన్నా లేనట్టే. పాట మొదలైనప్పుడు తెరమీద రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరు రావాలి. పక్కవాద్యాలవారి పేర్లు చివర్లో పరుగెత్తించకుండా వాళ్లు వాయిస్తున్నప్పుడే వేయాలి. పాతదాన్ని మళ్లీ ప్రసారం చేస్తే మొదట రికార్డు చేసిన ఏడాది ఒక మూల ఉండాలి, లేకపోతే విద్యార్థికి ఆ బాణీ ఏ కాలానిదో తెలియదు. వీడియో కింద వివరంలో ఒక్కో కృతి ఏ నిమిషం దగ్గర మొదలవుతుందో రాయడానికి ఒక మనిషికి పావుగంట పని. అందాకా వెతికేవాళ్లు రాగం పేరుతో కాకుండా కళాకారుల ఇంటిపేరుతో, తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి వెతకండి, ఒకే కచేరీ రెండు రకాల రాతలతో ఎక్కి ఉంటుంది.