కరెంటు లేని చోట ఎలక్ట్రిక్ సైకిల్ చార్జింగ్: మూడు మజిలీల అనుభవం

ఎలక్ట్రిక్ సైకిళ్లతో క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్లు టెంట్ వేసే చోట నీళ్లు, చదును నేలతో పాటు ఎండ కూడా చూసుకోవాలి. ఈసారి మేం చెట్ల కింద, ఏటి ఒడ్డున, చివర్లో ప్లగ్ పాయింట్ ఉన్న క్యాంప్‌సైట్‌లో ఉన్నాం. రెండు సైకిళ్లకూ 500 వాట్ అవర్ల బ్యాటరీలే (వాట్ అవర్ అంటే బ్యాటరీలో ఎంత కరెంటు దాచుకోవచ్చో చెప్పే కొలత). కారులో 1000 వాట్ అవర్ల పవర్ స్టేషన్ (ప్లగ్ పాయింట్లు ఉండే పెద్ద బ్యాటరీ పెట్టె), 200 వాట్ల మడత సోలార్ ప్యానెల్ పెట్టుకున్నాం.

నిద్రకు చెట్ల కింద చోటును మించింది లేదు. చార్జింగ్‌కు మాత్రం అది పనికిరాదు. ప్యానెల్‌లో సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక మూల కొమ్మ నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది. ఎండ జరిగినప్పుడల్లా ప్యానెల్ జరుపుతూ పగలంతా అక్కడే ఉండాలి. సైకిల్ తొక్కడానికి వచ్చినవాళ్లకు అది కుదిరే పని కాదు.

నాకు బాగా నచ్చింది ఏటి ఒడ్డు. అడ్డు లేని ఎండ. అయినా 200 వాట్ల ప్యానెల్ మిట్టమధ్యాహ్నం ఇచ్చింది 140 వాట్లే. ప్యానెల్ మీద రాసే అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది, ఎండలో అది వేడెక్కే కొద్దీ ఇచ్చే కరెంటు తగ్గుతుంది. నేల మీద పరచకుండా కింద గాలి ఆడేలా ఏటవాలుగా నిలబెడితే కొంత నయం.

మబ్బు పట్టని రోజున దాంతో సుమారు 600 వాట్ అవర్లు వస్తాయి. ఇన్వర్టర్‌లో కొంత, చార్జర్‌లో కొంత పోగా ఒక బ్యాటరీ నిండుతుంది. ఎక్కుడు దారిలో కిలోమీటరుకు 12 నుంచి 15 వాట్ అవర్లు ఖర్చవుతాయి, చదును దారిలో తక్కువ అసిస్ట్‌తో, అంటే మోటారు సాయం తక్కువగా పెట్టుకుని వెళ్తే అందులో సగం చాలు. అందుకే రోజూ కొండలెక్కే ఇద్దరికి ఈ ప్యానెల్ చాలదు, నింపాదిగా తిరిగేవాళ్లకు చాలు.

పవర్ స్టేషన్ ఎందుకు, ప్యానెల్ నుంచే నేరుగా చార్జ్ చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఎండ ఉన్న వేళ బ్యాటరీ సైకిల్‌తో పాటు దారిలో ఉంటుంది, అది టెంట్ దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతుంది. అందుకే పగటి ఎండను పవర్ స్టేషన్‌లో దాచి రాత్రికి వాడుకోవాలి. నేరుగా ఎక్కించే కంట్రోలర్లూ ఉన్నాయి గానీ, 36 వోల్టుల బ్యాటరీకి చార్జింగ్ 42 వోల్టుల దగ్గర కచ్చితంగా ఆగాలి. సెట్టింగ్ తప్పితే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. ఎలక్ట్రానిక్స్ బాగా తెలిసినవాళ్లు తప్ప దాని జోలికి వెళ్లకండి.

మబ్బు రోజుల్లో కారు ఆదుకుంది. సాధారణ 12 వోల్టుల సాకెట్ నుంచి 100 వాట్ల దాకా తీసుకోవచ్చు. ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి వెళ్లేటప్పుడే పవర్ స్టేషన్‌ను దానికి తగిలించాం. చార్జింగ్ కోసమని ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవడం ఇంధనం దండగ, పక్కవాళ్లకూ ఇబ్బంది.

ప్లగ్ పాయింట్ ఉన్న క్యాంప్‌సైట్‌లో టెంట్లు దగ్గర దగ్గరగా, రాత్రంతా లైట్లు. ప్రశాంతత లేదు గానీ టెన్షనూ లేదు, రెండు బ్యాటరీలూ తెల్లారేసరికి నిండాయి. ఇలాంటి చోటు బుక్ చేసేముందు పాయింట్ టెంట్ పక్కనే ఉంటుందా, అందరికీ కలిపి ఒకే షెడ్‌లోనా అని అడగండి. షెడ్‌లో అయితే బ్యాటరీకి తాళం కావాలి. ఎక్కడున్నా టెంట్ లోపల మాత్రం చార్జ్ చేయొద్దు. తొక్కి వచ్చిన బ్యాటరీ వేడి తగ్గాకే పెట్టండి. సున్నా డిగ్రీల కన్నా చలిగా ఉంటే అసలు పెట్టొద్దు, లిథియం సెల్స్ శాశ్వతంగా దెబ్బతింటాయి.

మళ్లీ వెళ్తే రెండు రాత్రులు ఏటి ఒడ్డున, మూడో రాత్రి ప్లగ్ ఉన్న చోట ఉంటాం. ఈలోపు ఇంకో 200 వాట్ల ప్యానెల్ కొనాలి.