చుట్ట కాలకుండా: తొమ్మిదేళ్ళ కలర్ స్క్రోలర్ అనుభవం

మా నాటక సమాజంలో, స్టేజి లైటు ముందు తగిలించి దాని రంగు మార్చే కలర్ స్క్రోలర్‌ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. ‘చుట్ట’ అంటారు. పెట్టె లోపల రంగు జెల్ (పల్చటి ప్లాస్టిక్ షీటు) ముక్కలు వరసగా అతికించి, అటొక రోలరుకూ ఇటొక రోలరుకూ చుట్టి ఉంటాయి కాబట్టి ఆ పేరొచ్చింది. మొదట్లో ఒకరోజు నేను నిచ్చెన మీద నుంచి “మూడో చుట్ట కాలిపోయిందిరా” అని అరిస్తే, కింద కూర్చున్న హార్మోనియం పెద్దాయన “చుట్టన్నాక కాలక ఏం చేస్తాది నైనా” అన్నాడు. ఆ జోకు ఇప్పటికీ నడుస్తోంది. కాలినప్పుడల్లా చేతి చమురు వదిలేది మాత్రం నాకే.

2016లో చెన్నైలో లైట్లు అద్దెకిచ్చే ఒకాయన ఎల్ఈడీలకు మారుతూ పాత సరుకు తీసేస్తుంటే ఎనిమిది స్క్రోలర్లు, వాటి కరెంటు పెట్టె, కేబుళ్ళు కలిపి బేరం చేసి తెచ్చుకున్నాను. తిరుపతిలో మహతి, అన్నమాచార్య కళామందిరం, చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం, అవి కాక పల్లెల్లో జాతర్లు, తిరునాళ్ళు, కళ్యాణమండపాలు. వీటన్నిటికీ తిప్పాను. అంతకు ముందు ఒకే చోటు మీద మూడు రంగులు కావాలంటే మూడు పార్ లైట్లు (డబ్బాలాంటి స్టేజి లైట్లు) కట్టేవాళ్ళం. ఎనిమిది చోట్లకు 24 లైట్లు, వాటి వెలుతురు పెంచి తగ్గించే 24 డిమ్మర్ చానళ్ళు. స్క్రోలర్ వచ్చాక ఎనిమిది లైట్లతోనే పని జరిగింది. ఎక్కించే కూలీ, టెంపో బాడుగ రెండూ తగ్గాయి. కొన్నందుకు మొదటి లాభం అదే.

కొనేటప్పుడు నేను చేసిన పొరపాటు ముందు చెబుతాను. అమ్మేవాడు పెట్టెను బల్ల మీద పెట్టి, రంగులు జరజరా తిప్పి చూపించాడు. నేను పడిపోయాను. బల్ల మీద ఏ స్క్రోలరైనా బాగానే తిరుగుతుంది. దాన్ని లైటుకు తగిలించి, లైటు పూర్తిగా వెలిగించి, అరగంట ఆగి, అప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై సార్లు తిప్పమనాలి. వేడెక్కాక జెల్ మెత్తబడుతుంది, కొంచెం సాగుతుంది. చుట్ట వంకరగా ఉంటే దాని గుట్టు అప్పుడే బయటపడుతుంది. రెండోది చప్పుడు. జెల్ కాలకుండా పెట్టెలో ఉండే ఫ్యాను ఒక్కటే వింటే ఏమీ అనిపించదు. ఎనిమిది కలిస్తే, పద్యం చివర రాగం సన్నగా తీసే చోట ముందు వరసలో వాళ్ళకు తేనెటీగల పట్టు పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. కొన్ని మోడళ్ళలో ఫ్యాను వేగం తగ్గించడానికి వేరే డీఎమ్ఎక్స్ (లైటింగ్ బోర్డు నుంచి ఆదేశాలు పంపే పద్ధతి) చానల్ ఉంటుంది. అలాంటివి దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా వదలొద్దు. నా వాటికి ఆ భాగ్యం లేదు.

కంపెనీ గురించి చాలామంది అడుగుతారు. పాత సరుకులో వైబ్రాన్ వాళ్ళ కలరమ్, క్రోమా-క్యూ పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. నా మాట వింటే పేరు కన్నా ముందు కరెంటు పెట్టె చూడండి. స్క్రోలరు 24 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. ఆ పెట్టె పోయిందంటే దానికి తగులుకున్నవన్నీ పడుకుంటాయి. జత లేని పెట్టెతో ఇస్తామంటే సగం ధరకైనా వద్దు.

ఇక అసలు సంగతి చుట్టలో రంగుల వరస. కొన్నప్పుడు అందులో ఏ వరస ఉందో అదే ఉంచేశాను. ఒక పల్లెలో కాటిసీను. హరిశ్చంద్రుడి మీద నీలం ఉంది. చితి వెలిగే చోట ఎరుపు రావాలి. బటన్ నొక్కాను. ఆ చుట్టలో నీలానికీ ఎరుపుకీ మధ్య ఆకుపచ్చ ఉంది. మహారాజు ముఖం ఒక్క క్షణం పచ్చగా మారి, తర్వాత ఎరుపెక్కింది. వెనక నుంచి ఎవరో “సిగ్నల్ పడిందిరోయ్, ఆగండి” అన్నాడు. కాటిసీనులో జనం పగలబడి నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ రాత్రి వేషం కట్టినాయన నాతో మాట్లాడలేదు.

మర్నాడే చుట్ట విప్పి మళ్ళీ కట్టాను. ఇప్పుడు నా వరస ఇది. ఒక చివర పచ్చ, దాని పక్కన లీ కంపెనీ 181 నంబరు కాంగో బ్లూ (చాలా ముదురు ఊదా నీలం), తర్వాత ముదురు నీలం నుంచి లేత నీలం దాకా, మధ్యలో ఏ రంగూ లేని తెల్ల జెల్, అక్కడి నుంచి లేత అంబర్, ముదురు అంబర్, నారింజ, ఎరుపు. మొత్తం 11 ముక్కలు. పదకొండే ఎందుకంటే బోర్డు మీద సున్నా నుంచి వంద దాకా పదేసి శాతానికి ఒక రంగు కచ్చితంగా కూర్చుంటుంది. చీకట్లో లెక్క తప్పదు. ఈ వరసలో ఎరుపు నుంచి నీలానికి పోతే మధ్యలో తెల్లగా ఒక్క మెరుపు మెరుస్తుంది. వాన సీనులో జనం అది కావాలనే చేశాననుకుంటారు, నేనూ కాదనను. మిగతా చోట్ల లైటు తగ్గించి, చుట్ట తిప్పి, మళ్ళీ పెంచడమే మర్యాద.

వేడి విషయంలో నేర్చుకున్నదంతా డబ్బు పోగొట్టుకునే నేర్చుకున్నాను. జెల్ తనలో నుంచి పోనివ్వని వెలుతురంతా వేడి అవుతుంది. కాంగో బ్లూ నుంచి నూటికి ఒక పాలు వెలుతురు కూడా బయటికి రాదు. మిగతాదంతా అది మింగాల్సిందే. అందుకే ముందు కాలేది అదే, తర్వాత ముదురు నీలం, పచ్చ. సీపీ 60 లాంటి సన్న కిరణం బల్బు వేస్తే జెల్ నడిమధ్య రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ పడుతుంది. వెడల్పు కిరణం సీపీ 62 వేస్తే ఆ ముక్కే రెట్టింపు రోజులు వస్తోంది నాకు. ఇంకొకటి. స్క్రోలర్లకు కరెంటు ఇచ్చాకే లైట్లు వెలిగించాలి, లైట్లు ఆర్పి ఐదు నిమిషాలయ్యాకే స్క్రోలర్లు ఆపాలి. ఒకసారి మా కుర్రాడు విరామంలో “ఫ్యాన్ల చప్పుడు ఎందుకులే అన్నా” అని కరెంటు పెట్టె ఆపేశాడు. లైట్లు సగంలో వెలుగుతూనే ఉన్నాయి. టీ తాగి వచ్చేసరికి రెండు చుట్టలు రోలరుకు అంటుకుపోయి, కాల్చిన అప్పడంలా ముడుచుకున్నాయి. వాడి మంచితనానికి ఏమనగలం?

చుట్ట అతికేటప్పుడు మామూలు సెల్లో టేపు వాడొద్దు. వేడికి జిగురు కారి పక్క ముక్కకు అంటుతుంది, తిప్పగానే చిరుగుతుంది. వేడికి ఆగే పాలిస్టర్ టేపు దొరుకుతుంది, చెన్నై నుంచి తెప్పించుకుంటాను. జెల్‌ని అద్దం పలక మీద, స్టీలు స్కేలుతో, కొత్త బ్లేడుతో కోయాలి. ఒక్క ముక్క మూల కాస్త తప్పినా, చాప చుట్టేటప్పుడు ఒక పక్కకు జారినట్టు మొత్తం చుట్ట జారిపోయి, అంచులు నలిగి, చివరికి జామ్ అవుతుంది. చుట్ట కట్టే రోజు ఇంట్లో ఫ్యాను కూడా వేయనివ్వను. మా ఆవిడకు ఆ రోజంటేనే చిరాకు.

కేబుల్ కథ చిన్నదే. నాలుగు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ కనెక్టరులో ఒకటో పిన్ను, నాలుగో పిన్ను కరెంటుకు. రెండు, మూడు డేటాకు. తక్కువలో పోతుందని ఇక్కడే సన్నటి మైకు వైరుతో రెండు కేబుళ్ళు కట్టించాను. వరసలో చివరి స్క్రోలరు మోటారు కదిలినప్పుడల్లా వోల్టేజి పడిపోయి, మళ్ళీ మొదటి నుంచి లెక్క చూసుకోవడం మొదలుపెట్టేది. అంటే సీను మధ్యలో పదకొండు రంగులూ ఊరేగింపు. కరెంటు తీగలు రెండూ లావువి వేసి కట్టించాక ఆ జబ్బు పోయింది. స్క్రోలరు కరెంటును డిమ్మరుకు తగిలించకూడదని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా. చెప్పాలేమో. ఒక కళ్యాణమండపం ఎలక్ట్రీషియన్ అదే చేయబోయాడు.

మన ఊళ్ళలో ఇంకో బాధ ఉసుళ్ళు. వాన పడి వెలిసిన సాయంత్రం ఆరుబయట నాటకమైతే అవి దండుగా లైటు మీదికొస్తాయి. రెక్కలు చుట్టలోకి పోతాయి, ఒళ్ళు ఫ్యాన్లో ఇరుక్కుంటుంది. చుట్ట ఏ రంగు దగ్గరుందో చూసే సెన్సార్ మీద ఒక్క రెక్క పడితే చాలు, స్క్రోలరుకు తానెక్కడున్నదీ తెలియక అటూ ఇటూ తచ్చాడుతుంది. సాంబ్రాణి, కర్పూరం పొగ, ఫాగ్ మిషను జిడ్డు కూడా అంతే. ప్రతి నాలుగు ప్రదర్శనలకూ ఫ్యాన్లకు బ్రష్షు కొడతాను, సెన్సార్‌ని చెవి పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడుస్తాను. జెల్‌ని మెత్తటి పొడి గుడ్డతోనే.

ఇప్పుడు కొనాలా అని అడిగితే, మీ దగ్గర పార్ లైట్లు, డిమ్మర్లు ముందే లేకపోతే వద్దు. 54 బుడగల ఎల్ఈడీ పార్ తీసుకోండి. ఎనిమిది వెయ్యి వాట్ల లైట్లంటే దాదాపు 35 ఆంపియర్లు, పల్లెలో జనరేటర్ వాడితో ప్రతిసారీ గొడవే. కానీ అంబర్ జెల్‌లో నుంచి టంగ్‌స్టన్ వెలుతురు రంగు పూసిన ముఖం మీద, జరీ అంచు మీద పడితే వచ్చే కళ నా చవక ఎల్ఈడీల్లో రాలేదు. అవి కిరీటాన్ని ప్లాస్టిక్కులా చూపిస్తాయి. అందుకే వెనక తెర, పక్కలు అన్నీ ఎల్ఈడీలకు మార్చినా ముందు వరస ముఖాలకు మాత్రం చుట్టలే.

ఎనిమిదింటిలో ఆరు నడుస్తున్నాయి. రెండింటిని విప్పి మోటార్లు, బెల్టులు మిగతా వాటికి వేశాను. ఇక మోటారు పోతే వేయడానికి ఒక్కటే మిగిలి ఉంది. దాన్ని బియ్యం డబ్బాలో దాచాను.