క్యాటరింగ్ ఓమ్నీలో స్పితి: వ్యానుకి ఏం చేయించాం, అందులో ఏది పనికొచ్చింది

ముందే చెప్పేస్తున్నా, ఇది థార్ కథ కాదు, జిప్సీ కథ అంతకన్నా కాదు. మా బాబాయి క్యాటరింగ్ గుండిగలు, గ్యాస్ బండలు మోసి మోసి వెనకంతా సాంబారు వాసనొచ్చే 2012 మోడల్ మారుతి ఓమ్నీ. దాన్ని విజయవాడ నించి హిమాచల్‌లోని కిన్నౌర్ మీదుగా స్పితి లోయకి తీసుకెళ్ళి, కున్‌జుమ్ పాస్ (కనుమ) దాటించి మనాలిలో దిగాం, మళ్ళీ ఇంటికి కూడా దాని చక్రాల మీదే వచ్చింది, ఏ లారీ ఎక్కించి తేలేదు. వెళ్ళింది నేనూ మా బావమరిదీ. వ్యాను మీద పెట్టిన డబ్బుల్లో సగం దండగ. ఆ సగం ఏదో చెప్దామనే రాస్తున్నా.

ఓమ్నీయే ఎందుకంటే, మొదటి కారణం ఊరికే వచ్చింది. రెండోది, ఆల్టోల్లాగా ఫ్రంట్ వీల్ కాదు, వెనక చక్రాలు తోసే బండి, బరువు ఎనిమిది వందల కేజీల లోపే, కూరుకుపోతే నలుగురు పడితే లేస్తుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, దాచిపెట్టిన రహస్యం ఏమీ లేదు. ఇంజిన్ సీటు కిందే కాబట్టి వాన పడుతున్నా సీటెత్తి లోపల కూర్చుని ప్లగ్గులు మార్చుకోవచ్చు, ఈ సుఖం ఏ పెద్ద బండిలోనూ లేదు. ఇక మైనస్సులు అందరికీ తెలిసినవే, 12 అంగుళాల బుల్లి చక్రాలు, నేలకి దగ్గరగా ఉండే కడుపు, ఫోర్ వీల్ లేదు, లో రేషియో (నిట్రగా ఎక్కడానికి ఉండే అదనపు తక్కువ గేర్లు) లేదు, ముందు గుద్దితే మన మోకాళ్ళే బంపరు.

ఆటోనగర్‌లో మాకు తెలిసిన మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్తే ముందు పది నిమిషాలు నవ్వారు. తర్వాత టీ తాగి బండి కిందకి దూరి చూసి, "ఎత్తు పెంచడాలు అవీ వద్దు బాబూ, వెనక కమానుకి ఇంకో పట్టీ వేద్దాం, ముందు షాక్‌లు కొత్తవి వేద్దాం, కింద రేకు కడదాం, అంతే, మిగతా డబ్బులు జేబులో పెట్టుకెళ్ళండి" అన్నారు. అప్పుడు ఆయన మాట సగమే విన్నా. ట్రిప్పంతా కాపాడింది ఆ సగమే.

కమానుకి (అదే లీఫ్ స్ప్రింగ్‌కి) పట్టీ కలపడంతో వెనక దాదాపు అంగుళంన్నర లేచింది, ఖాళీగా నడిపితే నడుము విరుగుతుంది కానీ లోడు పడ్డాక బాగుంది. కింద రేడియేటర్ నించి ఇంజిన్ ఆయిల్ చాంబర్ దాకా 3 ఎంఎం రేకు వంచి, వెల్డింగ్ కాకుండా బోల్టులతో బిగించారు, ఎందుకంటే ఆయిల్ మార్చాలంటే మళ్ళీ ఊడదీయాలిగా. ఈ రేకు మీద ఇప్పుడు ఎన్ని గీతలున్నాయో చూస్తే భయమేస్తుంది, అవన్నీ చాంబర్‌కి పడాల్సినవి. టైర్లు మాత్రం 12 అంగుళాల్లోనే 8 ప్లై లోడ్ టైర్లు వేయించా. టైర్ల దగ్గర ఒక జాగ్రత్త, మేం మొదట వెళ్ళిన షాపులో కొత్త టైర్లే అని బిల్లు కూడా కొట్టేశారు, తీరా టైరు పక్క అంచు మీద నాలుగంకెల నంబర్ చూస్తే 1819 అని ఉంది, అంటే 2019లో 18వ వారం తయారీ. పేపర్ కూడా విప్పలేదు కాబట్టి కొత్తదేనట! బిల్లు క్యాన్సిల్ చేయించుకుని వేరే షాపుకెళ్ళాం. బిగించకముందే ఆ నాలుగంకెలు చూసుకోండి.

ఇప్పుడు దండగ ఖర్చులు. పైన ఇనప క్యారియర్ చేయించా, దాని మీద ఎల్ఈడీ లైట్ బార్. అసలే డబ్బాలా ఎత్తుగా ఉండే బండి, పైన నలభై కేజీలు పెడితే మలుపులో పడవలా ఊగుతుంది, హైవే మీద ఎదురుగాలికి 70 దాటదు. లైట్ బార్‌కి నాగ్‌పూర్ దాటాక ఒకచోట పోలీసులు ఆపితే అక్కడే వైర్ పీకేశా. ముందు బుల్ బార్ కూడా పెట్టిద్దామనుకున్నా కానీ అది నిషేధం కదా అని మేస్త్రి గారే ఆపారు. పది లీటర్ల పెట్రోల్ క్యాన్ ఇంకో దండగ, దాని కథ కింద చెప్తా.

లోపల వెనక సీటు విప్పేసి 12 ఎంఎం ప్లైవుడ్‌తో పెట్టె మంచం చేయించా, కింద సామాను, పైన పడక. మా బావమరిది ఆరడుగులు, వాడు కాళ్ళు ముడుచుకుని పడుకోవాల్సిందే. రేకు లోపలి వైపు వెండి రంగు ఫోమ్ షీట్ అంటించాం, తలుపులకి అంటించలేదు, ఆ తప్పు చంద్రతాల్ సరస్సు దగ్గర తెలిసింది. రేడియేటర్‌లో నీళ్ళు తీసేసి కూలెంట్ సగానికి సగం కలిపి పోశాం. స్పేర్లు అంటే ఫ్యాన్ బెల్టు, హోస్ పైపులు, ప్లగ్గులు, యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, క్లచ్ ప్లేటు. అన్నీ కలిపినా లైట్ బార్ రేటుకి రాలేదు.

సెప్టెంబర్‌లో బయల్దేరాం. చండీగఢ్ దాకా నాలుగు రోజులు, ఎన్‌హెచ్ 44 గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రోడ్డు అద్భుతం. మన బండికే పిర్ర కింద పొయ్యి. ఆదిలాబాద్ దగ్గర నించి సీటు మీద తడి తువ్వాలు వేసుకుని కూర్చున్నాం. సివనీ వైపు పెంచ్ అడవిలో జంతువులు కింద నించి దాటడానికి రోడ్డునే పైకెత్తి కట్టారు, ఆ కాసేపే చల్లగా ఉంది. రాత్రిళ్ళు డబ్బులు మిగులుతాయని పెట్రోల్ బంకుల్లో పడుకున్నాం, స్నానాలు ధాబాల్లో. ఝాన్సీ దాటాక ఒక రాత్రి లాడ్జి తీసుకున్నాం, బెడ్ షీట్ చూసి మళ్ళీ వ్యానులోకే వచ్చి పడుకున్నాం. అలా డబ్బులిచ్చి మరీ వ్యానులో పడుకున్నాం.

సిమ్లా దాటి రాంపూర్‌లో వెనక బ్రేకులు టైట్ చేయిద్దామని ఒక చిన్న షెడ్డు దగ్గర ఆపాం. విజయవాడలో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా ఈ పైన సామానేంటి, ఎక్కడికి అని వీడియోలు తీసినోళ్ళే, ఇక్కడ ఆ పెద్దాయన కనీసం తలెత్తి చూడలేదు. వాళ్ళకి మారుతి వ్యాను అంటే టాక్సీ, వింతేం కాదు. క్యారియర్ చూసి మాత్రం ఆగి, హిందీలో "ఈ పందిరెందుకు, కొండ మలుపులో మిమ్మల్ని సట్లెజ్‌లోకి లాగుతుంది" అన్నాడు. అక్కడే విప్పేసి ఆయన షెడ్డుకే వదిలేశాం. బ్రేకులకి డబ్బులు తీసుకోలేదు, పందిరి తీసుకున్నాడుగా మరి! ఆ రోజు మధ్యాహ్నం నించి బండి వేరే బండిలా నడిచింది.

కల్పాలో రెండు రాత్రులు ఉన్నాం, రూమ్ 1,500. పొద్దున్నే కిటికీలో కిన్నెర కైలాస్, దానికి ఎంతైనా ఇవ్వచ్చు. కానీ గీజర్ గంటసేపే, ముందే అడగండి. మనాలి వైపు నించి కాకుండా ఇటు నించే వెళ్ళమని చెప్పేది ఎందుకంటే కల్పా, టాబో, కాజా అని మెల్లగా ఎత్తు పెరుగుతుంది, ఒంటికి అలవాటవుతుంది, మాకు ఒక్క మాత్ర పడలేదు.

నాకో ఊరు దాటాక మల్లింగ్ నాలా (కొండవాగు) దగ్గర మొదటి పరీక్ష. రోడ్డంటే కొండ జారిన బురద, పైన సన్నగా నీళ్ళు. కుడి వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, ఎడమది కదల్లేదు. మేస్త్రి గారు చెప్పిన చిట్కా గుర్తొచ్చింది, టైర్లో గాలి 22కి దించి, ఫస్ట్ గేర్లో సన్నగా రేజ్ ఇస్తూ హ్యాండ్ బ్రేక్ రెండు క్లిక్కులు లాగా. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే కదా, తిరిగే చక్రానికి కాస్త బ్రేక్ పడగానే రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్ ఆ బలాన్ని రెండోదానికి పంపింది, బండి మూలుగుతూ పైకొచ్చేసింది. వెనకాల ఆగిన పెద్ద ఎస్‌యూవీ ఆయన దిగొచ్చి ఎలా చేశారని అడిగాడు, మా బావమరిది "మా బావకి ఇది మామూలే" అని కోశాడు. నా కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

టాబోలో గోంపా (బౌద్ధ మఠం) 996లో కట్టినది, మట్టి గోడల లోపల చీకట్లో బొమ్మలు, ఫోటోలు తియ్యనివ్వరు, మంచిదే. కాజాలో హోమ్ స్టే మనిషికి 900, రెండు పూటలా తిండితో, ట్రిప్ మొత్తంలో నా ఓటు దానికే. ఆ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు ఉడికించినా పలుకే. కుక్కర్ తీసుకెళ్ళినందుకు ఆ ఇంటావిడ కూడా మెచ్చుకుంది. కాజా పైనున్న లాంగ్జా, హిక్కిం ఊళ్ళకి ఎక్కేటప్పుడు ఇంజిన్ అసలు రూపం తెలిసింది. వెయ్యి మీటర్లకి సుమారు పదో వంతు పవర్ పోతుంది, ఉన్నదే 35 హార్స్ పవర్, అక్కడికొచ్చేసరికి రెండు మూడు స్కూటీలు కలిపినంత. రెండు చోట్ల మా బావమరిది దిగి పక్కన నడిచాడు, వాడే ముందు వెళ్ళాడు కూడా.

కాజా బంకు 3,740 మీటర్ల ఎత్తులో ఉంది, ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని బోర్డు పెట్టారు. అక్కడ ఫుల్ చేస్తే మనాలి రెండొందల కిలోమీటర్లు, మధ్యలో బంకు లేదు, కానీ లీటరుకి పదీ పదకొండు ఇచ్చినా ట్యాంకే సరిపోయింది. క్యాన్ మూత తియ్యనేలేదు, వ్యాను మాత్రం రాత్రంతా పెట్రోల్ కంపు.

కున్‌జుమ్ 4,500 మీటర్ల పైమాటే, ఫస్ట్ గేర్లో ఎక్కేశాం. చంద్రతాల్ క్యాంపులకి మనిషికి 2,000 అడిగారు, వాటి దగ్గర్లో పార్కింగ్‌లో వ్యానులోనే పడుకున్నాం. పొద్దున లేచేసరికి ఫోమ్ వెయ్యని తలుపుల లోపలంతా మా ఊపిరి చెమ్మ గడ్డకట్టి ఉంది, ఎండ తగలగానే అదంతా కరిగి దుప్పట్ల మీద. మీరు మాత్రం డబ్బులిచ్చి క్యాంపే తీసుకోండి, టెంట్ పొడిగా ఉంటుంది, వేడి సూప్ ఇస్తారు.

బతాల్ నించి ఛత్రు దాకా రోడ్డు లేదు, రాళ్ళున్నాయి. ఎండ ముదిరేకొద్దీ పైన మంచు కరిగి నాలాలు పెరుగుతాయి, అందుకే ఆరింటికే కదిలాం. ఛోటా దర్రా దాటాక ఒక నాలా మధ్యలో ఎడమ కాలి కింద టప్పున శబ్దం, క్లచ్ పెడల్ నేలకి అతుక్కుపోయింది. "బావా ఆపకు, ఆపకు" అని వీడి అరుపు. కదిలే బండికి క్లచ్‌తో పనేముంది, ఫస్ట్ గేర్లోనే అలా గట్టెక్కించి తాళం తిప్పేశా. రెండొందల యాభై రూపాయల కేబుల్ అది. చల్లటి రాళ్ళ మీద కిందకి దూరి మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది, వేళ్ళు తిమ్మిరెక్కి నట్టు రెండుసార్లు నీళ్ళలో పడింది. ఆ స్పేర్ కేబుల్ లేకపోతే గేర్లో పెట్టి స్టార్టర్‌తో కదిలించి నడపాలి, ఆ రాళ్ళలో ఎంతదూరం?

మనాలిలో ఒక వర్క్‌షాప్‌లో ఆయిల్ మార్చమంటే మార్చామని బిల్లు ఇచ్చారు, ఆయిల్ చూసే పుల్ల తీసి చూస్తే తారులా నల్లగా అదే ఆయిల్. పక్కన నిలబడకుండా టీకి వెళ్ళిన తప్పు నాది.

మీరూ ఇలా చెయ్యాలా అంటే, లెక్క ప్రకారం మనాలి దాకా బస్సులో వెళ్ళి అక్కడ జీపు మాట్లాడుకుంటే చవక, పైగా సుఖం. ఓమ్నీలో ఇద్దరికి మించి అస్సలు వద్దు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఒక్కళ్ళు కూడా వద్దు.

వచ్చాక బండి బాబాయికి ఇచ్చేస్తూ, మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్ళి ఆ ఎక్స్‌ట్రా పట్టీ తీయించేస్తా అన్నా. మొన్న కంకిపాడు పెళ్ళికి ఆరు గుండిగలు ఎక్కించుకెళ్ళాడట, వెనక ఒక్క అంగుళం కూడా కుంగలేదట. ఫోన్ చేసి, "ఆ పట్టీ జోలికి మాత్రం పోకురోయ్" అన్నాడు.