"ప్రైవేట్ కలెక్షన్ బండి" అని 1967 పారిజియెన్ చూపిస్తే జాగ్రత్త: నాకు పడిన టోపీ

ఒంటారియోలో పాత బళ్ల పిచ్చి ఉన్న మనవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ఇంకొకరు నాలాగా మునగకూడదని రాస్తున్నాను. పోయిన అక్టోబరులో 22,500 డాలర్లు పోసి 1967 పాంటియాక్ పారిజియెన్, రెండు తలుపుల హార్డ్‌టాప్, కొన్నాను. అది మా ఇంటికి వచ్చిన మూడో వారం నుంచి మెకానిక్ దగ్గర స్టాండ్ల మీదే ఉంది.

ఈ బండే ఎందుకంటే, అమెరికాలో దొరకదు. 1965లో కెనడా, అమెరికా మధ్య ఆటో ఒప్పందం కుదరకముందు, సరిహద్దు దాటి వచ్చే కార్ల మీద సుంకం బాగా ఉండేది. అందుకని జీఎం (జనరల్ మోటార్స్) కెనడా వాళ్లు ఇక్కడి ఓషావా ఊళ్లో తమ పద్ధతిలో బళ్లు కట్టుకున్నారు. పాంటియాక్, షెవర్లే రెండూ జీఎం బ్రాండ్లే. పైన పాంటియాక్ ముఖం, కింద షెవర్లే ఛాసిస్, లోపల షెవర్లే ఇంజిన్. ఇక్కడి పాత మెకానిక్‌లు ముద్దుగా 'చెవియాక్' అంటారు. ఒప్పందం తర్వాత కూడా కొన్నేళ్లు అలాగే నడిపారు. చిన్నప్పుడు గుంటూరులో నాన్న స్నేహితుడి అంబాసిడర్‌లో ఏడుగురం కుక్కుకుని కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లేవాళ్లం. ఈ పారిజియెన్ దాదాపు 18 అడుగుల పొడవు, ముందు సీటులోనే ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. చూడగానే మనసు పారేసుకున్నానంటే అర్థం చేసుకోండి. మా ఆవిడ మాత్రం మొదటిరోజే, "ఇది మన గ్యారేజీలో పట్టదు" అంది. పట్టలేదు.

ప్రకటనలో రాసింది ఇదీ: చనిపోయిన మేనమామ ప్రైవేట్ కలెక్షన్, 30 ఏళ్లు షెడ్డులోనే ఉంది, 38,000 మైళ్లు, ఒరిజినల్ ఇంజిన్. వెళ్లి చూస్తే పొలాల మధ్య పెద్ద షెడ్డు, నేల తళతళలాడుతోంది, గోడకి ఒక పాత పెట్రోలు బంకు బోర్డు, దాని కింద వరసగా ఐదు బళ్లు. మనిషి కూడా మర్యాదస్తుడు. కాఫీ ఇచ్చాడు. మేనమామ ఆదివారాలు ఈ బండి ఎలా తుడిచేవాడో చెబుతుంటే నాకు కళ్లు చెమర్చినంత పనైంది. ఐదు బళ్లలో ఒక్కదానికీ నంబర్ ప్లేటు లేదన్న సంగతి ఇంటికొచ్చి ఫోటోలు చూసుకున్నప్పుడు గాని తట్టలేదు.

బానెట్ ఎత్తి, "ఇది అసలైన పాంటియాక్ 400 ఇంజిన్, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే" అన్నాడు. (400 అంటే క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు.) నేను అక్కడే ఆగిపోవాల్సింది. ఓషావాలో కట్టిన పారిజియెన్‌లో పాంటియాక్ ఇంజిన్ ఉండదు. నిజంగా ఈ బళ్లు పోగేసేవాళ్ల ఇంట్లో పెరిగినవాడికి ఆ ముక్క తెలియకపోదు. నాకు ఆ సంగతి తెలుసు, ఇందాక మీకు అంత గొప్పగా చెప్పాను కూడా. అయినా పాపం మేనల్లుడు కదా, పొరబడ్డాడులే అని నేనే అతనికి సర్దిచెప్పుకున్నాను. స్పేర్ పార్టుల గురించి అడిగితే "అమెరికా బానెవిల్‌వి ఎన్నైనా దొరుకుతాయి, సరిపోతాయి" అన్నాడు. బానెవిల్, కాటలినా అనేవి అమెరికాలో కట్టిన పాంటియాక్‌లు. ఇదీ తప్పే. మన బండికి ముందు చక్రాల నుంచి వెనక చక్రాలకి 119 అంగుళాలు. అమెరికా కాటలినాకి 121, బానెవిల్‌కి 124. చూడటానికి ఒకేలా ఉన్న రేకులు తెచ్చి పెడితే కూర్చోవు.

ఇంకో గుర్తు. మేం వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. "మీరొస్తున్నారని ఒకసారి తిప్పి ఉంచాను" అన్నాడు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే వచ్చే పొగ, టకటక మనకి కనిపించకూడదని, వినిపించకూడదని అలా చేస్తారని తర్వాత తెలిసింది. అడుగున వంగి చూస్తే కొత్త నల్ల పూత నిగనిగలాడుతోంది. అంత పాత బండికి అంత కొత్త పూత ఎందుకో అని అడగలేదు. తుప్పు పట్టకుండా చూసుకున్నారని మురిసిపోయాను. మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపిస్తానని నేనంటే, ఇన్సూరెన్స్ లేదు, బయటికి తీయకూడదన్నాడు. ఆ మాట నిజమే, కానీ ట్రెయిలర్ మీద పంపవచ్చు కదా. ఆ ఖర్చు నేను పెట్టుకున్నా మహా అయితే రెండు మూడు వందలు అయ్యేది.

అడ్వాన్స్ 2,000 ఈ-ట్రాన్స్‌ఫర్ చేశాను. ఒకసారి అవతలివాడి ఖాతాలో పడ్డాక దాన్ని వెనక్కి రప్పించడం మన చేతిలో ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒంటారియోలో ప్రైవేటుగా బండి అమ్మేవాడు కొనేవాడికి యూవీఐపీ అనే కాగితాల కట్ట ఇవ్వాలి, అది చట్టం. 20 డాలర్లు. ఆ బండి ఈ రాష్ట్రంలో ఎవరెవరి పేరు మీద ఉంది, దాని మీద బాకీలేమైనా ఉన్నాయా, అన్నీ అందులో ఉంటాయి. అమ్మేవాడు ఇవ్వకపోతే విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) ఉంటే చాలు, మనమే తెప్పించుకోవచ్చు. ఇతను "పోస్టులో వస్తోంది" అంటూ రోజులు గడిపాడు. చివరికి డబ్బంతా ఇచ్చిన రోజు చేతిలో పెట్టాడు. అందులో ఇతని పేరు లేదు. "అదే మా మామ పేరు" అన్నాడు. యజమాని సంతకం చేసిన పర్మిట్ (బండి రిజిస్ట్రేషన్ కాగితం) మాత్రం సిద్ధంగా ఉంది, కొనేవాడి పేరు రాసేచోట ఖాళీ. చనిపోయినాయన సంతకం ఎప్పుడు పెట్టాడని అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

రసీదు రాసేటప్పుడు ఇంకో సలహా ఇచ్చాడు: "8,000 అని రాసుకుందాం, మీకు ట్యాక్స్ కలిసొస్తుంది." 13 శాతం ట్యాక్స్ అంటే నాకు 2,925 డాలర్లు, అందులో 1,885 మిగిలేది, నోరూరే మాటే. ఒప్పుకోలేదు. మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఒప్పుకుని ఉంటే ఈరోజు ఏ కోర్టుకెళ్లినా నా కాగితమే నేను కొన్నది 8,000కి అని చెప్పేది.

రోడ్డు మీదకి తేవాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి కదా, మెకానిక్ లిఫ్ట్ ఎక్కించాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక ఇరుసు మీదుగా ఛాసిస్ పైకి వంగే చోట పొడిచాడు. లోపలికి దిగిపోయింది. ఆ నల్ల పూత కింద రేకు ముక్కలు అతికించి ఉన్నాయి. శీతాకాలం ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు సంగతి మీకు తెలిసిందే. ఈ బళ్లలో అది ముందు తినేది ఆ వంపునే, తర్వాత డిక్కీ అడుగుని. వెనక చక్రాల పక్కన అయస్కాంతం పెడితే జారిపోయింది, మన ఊళ్లో టింకరింగ్ షెడ్డుల్లో లప్పం పెట్టినట్టే మందంగా పెట్టారు. వినైల్ టాప్ కింద, వెనక అద్దం చుట్టూ కూడా అదే కథ. ఛాసిస్ వెల్డింగ్‌కే 9,000 అవుతుందన్నాడు. అంటే మేడిపండు కొన్నాను.

ఇంజిన్ బ్లాక్ వెనక అంచు మీద పోత నంబరు తుడిచి చూపించాడు: 3970010. అది షెవర్లే బ్లాకే, కానీ 1969 నుంచి వచ్చినది. 1967 బండిలో ఫ్యాక్టరీ వాళ్లు ఎలా పెడతారు? ముందు వైపు, కుడిచేతి సిలిండర్ హెడ్ దగ్గర చదునుగా ఉండే చోట కొట్టిన అంకెలూ మన విన్‌తో కలవలేదు. తర్వాత ఫీజు కట్టి జీఎం కెనడా పాత రికార్డు తెప్పించుకున్నాను. ఓషావా నుంచి బయటికి వచ్చినప్పుడు ఇందులో ఉన్నది 283 ఇంజిన్, రెండు గేర్ల పవర్‌గ్లైడ్. ఆ కాలపు విన్‌లో ఏ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) అన్నది తెలియదు కాబట్టి, ఎవరైనా ఏదైనా చెప్పేయవచ్చు. ఈ రికార్డు ఒక్కటే సాక్ష్యం. అడ్వాన్స్ ఇచ్చేముందు తెప్పించుకోండి. 38,000 మైళ్లంటారా, ఆ మీటరులో ఐదే అంకెలు. లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచే. ఇంజిన్ మార్చడం నేరమేం కాదు, నాకేం బాధ లేదు. మార్చిన బండిని మార్చనిదాని ధరకి అమ్మారు, అదీ నా ఏడుపు.

యూవీఐపీలో ఉన్న పేరు, ఊరు పట్టుకుని వెతికాను. చనిపోయిన మేనమామ ఫోన్ ఎత్తారు.

పెద్దాయనకి 80 పైనే. నిక్షేపంగా ఉన్నారు. ఆయనకి మేనల్లుళ్లే లేరట. నేను కొనడానికి రెండు నెలల ముందు 9,000 డాలర్లకి ఇచ్చేశారట. "ఇంజిన్ మార్చామనీ, అడుగు పోయిందనీ అన్నీ చెప్పే అమ్మానయ్యా" అని ఆయనే నొచ్చుకున్నారు. ఇలా బళ్లు కొని, తమ పేరు మీదకి మార్చుకోకుండా, మామూలు మనిషిలా నటించి అమ్మేవాళ్లని ఇక్కడ కర్బ్‌సైడర్లు అంటారు. లైసెన్సున్న డీలర్ మోసం చేస్తే ఓంవిక్ అనే నియంత్రణ సంస్థ ఉంది. ఇలాంటివాడి దగ్గర కొంటే ఆ రక్షణ మనకి వర్తించదు. ఫిర్యాదు అయితే పెట్టాను, వాళ్లు తీసుకున్నారు. డబ్బు కోసం స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో కాగితాలు వేస్తున్నాను. పెద్దాయన సాక్ష్యం చెప్తానన్నారు.

నిన్న రాత్రి ఇంకో ప్రకటన కనిపించింది. ఈసారి 1970 మీటియర్, "నాన్నగారి ప్రైవేట్ కలెక్షన్" అట. ఫోన్ నంబరు వేరు, పేరు వేరు. వెనక గోడ మీద మాత్రం అదే పెట్రోలు బంకు బోర్డు. మీలో ఎవరైనా ఆ బండి చూడటానికి వెళ్తుంటే, డబ్బు పంపేముందు నాకు ఒక మెసేజ్ పెట్టండి. నా ఫోటోలు పంపుతాను, గోడ పోల్చి చూసుకోండి.