నడుస్తున్న థాయ్ సీరియల్: ఆ రాత్రే చూడాలా, సబ్‌టైటిల్స్ వచ్చేదాకా ఆగాలా, అయిపోయాక చూడాలా?

ఒక చేతిలో తుపాకీ, ఇంకో చేతిలో హీరోయిన్ చెయ్యి. ఇలాంటి థాయ్ యాక్షన్ ప్రేమకథ ఒకటి టీవీలో నడుస్తున్నప్పుడు బయటి దేశపు అభిమాని ముందు మూడు దారులుంటాయి. ప్రసారమయ్యే రాత్రే అక్కడి జనంతో కలిసి చూడటం, సబ్‌టైటిల్స్ వచ్చాక వారం వారం చూడటం, మొత్తం అయ్యాక ఒక్క బిగిన లాగించేయడం. చాలామందికి రెండోదే మేలు. అయితే మొదటిదాంట్లో ఉన్న మజా ముందే ఒప్పుకోవాలి.

బ్యాంకాక్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. అక్కడ రాత్రి 8:30కి మొదలయ్యే సీరియల్ మనకు సరిగ్గా ఏడింటికి వస్తుంది, రాత్రి భోజనాల లోపే అయిపోతుంది. అదే సమయంలో ఎక్స్‌లో (పాత ట్విట్టర్) సీరియల్ పేరు, ఎపిసోడ్ నంబరు కలిపిన హ్యాష్‌ట్యాగ్ పైకి లేస్తుంది. భాష రాకపోయినా నాలుగు మాటలు తెలిస్తే సగం అర్థమవుతుంది. 555 అంటే నవ్వు, ఎందుకంటే థాయ్‌లో ఐదుని 'హా' అంటారు. 'ఫిన్' అంటే మనసు నిండిపోయిందని. 'జిన్' అంటే ఇద్దరు నటుల్ని జంటగా ఊహించుకోవడం. దీని మూలం 'జింతనాకాన్', మన 'చింతన'కు చుట్టమే. అలా జనం మెచ్చిన జంట 'ఖూ జిన్'. హీరో 'ఫ్రా ఏక్', హీరోయిన్ 'నాంగ్ ఏక్', ఆమెను ఏడిపించేది 'నాంగ్ రాయ్'. అరిగిపోయిన మలుపు వస్తే 'నామ్ నావ్', అంటే మురిగిన నీళ్లు అని తిట్టిపోస్తారు. మన సీరియళ్లకూ సరిగ్గా సరిపోయే మాట!

ఆ వేడి తర్వాత దొరకదు. 2018లో థాయ్ టీవీ ఛానల్ 3లో పాతకాలపు కథ 'బుప్పేసన్నివాత్' నడిచిన రోజుల్లో జనం పాతకాలపు థాయ్ దుస్తులు కట్టుకుని పాత రాజధాని అయుత్తయలోని వాట్ చైవత్తనారామ్ గుడికి వెళ్లి ఫొటోలు దిగారు. అది యాక్షన్ కథ కాదు గానీ, నడుస్తున్న సీరియల్ ఊరిని ఎలా కదిలిస్తుందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఆర్నెల్ల తర్వాత చూసినవాళ్లకు కథ దొరుకుతుంది గానీ ఆ జాతర దొరకదు.

చిక్కల్లా మాటల దగ్గరే. ఛేజింగులకు, ఫైట్లకు సబ్‌టైటిల్ అక్కర్లేదు. కానీ ఎవరు ఎవరిని మోసం చేశారో తెలియకుండా ఫైట్ చూస్తే అది ఉత్త దుమ్మే. యంత్రం చేసే అనువాదాన్ని నమ్ముకుంటే ఇంకో తంటా. థాయ్ రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, వాక్యంలో కర్తను తరచూ వదిలేస్తారు, క్రియలో ఆడ మగ తేడా ఉండదు. అందుకే 'ఆమె కాల్చింది' కాస్తా 'అతను కాల్చాడు' అయిపోతుంది. దాన్ని పట్టుకుని హ్యాష్‌ట్యాగ్‌లో వాదనకు దిగినవాళ్లు మర్నాడు సరైన సబ్‌టైటిల్స్ రాగానే నాలుక కరుచుకుంటారు.

మరి సబ్‌టైటిల్స్ వస్తే అంతా దొరుకుతుందా? అదీ లేదు. ఇక్కడ మాత్రం తెలుగువాళ్లకు ఒక లాభం ఉంది. థాయ్‌లో ప్రేమ ముదిరిందని ముద్దు కంటే ముందు పిలుపు చెబుతుంది. 'ఖున్' అని మర్యాదగా పిలిచే అమ్మాయి ఒకరోజు 'ఫీ' అంటుంది, అంటే తనకంటే పెద్దవాడని చనువుగా. అతను 'నోంగ్' అంటాడు, అంటే తనకంటే చిన్నదని. 'మీరు' అన్నది 'బావా' అనే దగ్గరికి వచ్చినట్టు. గొడవ వస్తే 'కూ' (నేను), 'మ్యుంగ్' (నువ్వు) అని మొరటుగా దిగుతారు, మన 'ఒరేయ్' దిగినట్టు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో ఇవన్నీ 'ఐ', 'యూ'లలో కలిసిపోతాయి. 'ఏమీ జరగని సీన్‌కు థాయ్ జనం ఎందుకింత గోల చేస్తున్నారు?' అని తల పట్టుకునే అభిమానులు చాలాసార్లు జారవిడిచేది ఈ పిలుపునే. అక్షరాలు చదువుతూనే చెవి ఒకటి పిలుపు మీద పెట్టండి. మాట చివర మగవాళ్ల 'ఖ్రప్', ఆడవాళ్ల 'ఖా' మన 'అండీ' లాంటివి. అవి ఎక్కడ మాయమయ్యాయో గమనిస్తే కథ సగం అక్కడే తెలుస్తుంది.

రాజకుటుంబం ఉన్న కథలో ఇది ఇంకా ముదురుతుంది. 2018లో నడేచ్, యాయా జంటగా వచ్చిన 'లిఖిత్ రక్' (పేరులోని లిఖిత్ మన 'లిఖితమే') నౌకాదళ అధికారికీ, ఒక ఊహా రాజ్యపు యువరాణికీ మధ్య కథ. రాచవాళ్లతో మాట్లాడేందుకు థాయ్‌లో 'రాచాసప్' అనే వేరే మాటల మూటే ఉంది. అందులో సంస్కృతం, పాళీ, ఖ్మేర్ పదాలు బోలెడు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో ఆ దూరం తెలియదు.

ఇక యాక్షన్ సీరియల్‌కు ఎక్కువగా ఉండే బెడద కోతలు. థాయ్ టీవీలో సిగరెట్, మందు గ్లాసు మసకబారుతాయి, మనిషి తలకు గురిపెట్టిన తుపాకీ కూడా చాలాసార్లు అంతే. యాప్‌లో కొన్నింటికి కోత లేని ప్రతి వేరుగా వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి జులై వరకు 14 ఎపిసోడ్లుగా వచ్చిన మాఫియా ప్రేమకథ 'కిన్‌పోర్ష్' వన్31 ఛానల్లో ఒక రకంగా, ఐచీయీ (iQIYI) అనే వీడియో యాప్‌లో కోతల్లేకుండా 'లా ఫోర్టే' పేరుతో ఇంకో రకంగా వచ్చింది. అభిమానులు ఒక సీన్ గురించి మాట్లాడుతుంటే అది మీరు చూసిన ప్రతిలో లేకపోతే కంగారు పడొద్దు, ముందు ఏ ప్రతో చూడండి. ఎపిసోడ్ల లెక్క కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉండొచ్చు. టీవీలో ప్రకటనలతో కలిపి రెండు గంటల దాకా సాగేదాన్ని వేరేచోట ముక్కలు చేసి పెడతారు. అందుకే స్పాయిలర్ హెచ్చరికలో నంబరు కాకుండా సీన్ పేరు చెప్పేవాళ్లనే నమ్మండి.

అయిపోయాక చూద్దామనేవాళ్ల వాదనకూ బలముంది. 2013 జనవరిలో ఛానల్ 3 రాజకీయ సీరియల్ 'న్యూవా మేక్ 2'ను ముగింపుకు ముందే ఆపేసింది. 2016 అక్టోబరులో రాజు భూమిబోల్ మరణించినప్పుడు వినోద కార్యక్రమాలు దాదాపు నెలరోజులు నిలిచిపోయాయి. నడుస్తున్నదాన్ని పట్టుకున్నవాళ్లకు ఈ గండం తప్పదు. కానీ ఆగితే రహస్యం భద్రంగా ఉంటుందనుకోవడం భ్రమ. చాలా సీరియళ్లు నవలల నుంచి వచ్చినవే, కొన్ని మళ్లీ మళ్లీ తీసినవి. పైగా 'రుయాంగ్ యో' అని రాబోయే కథను ముందే అచ్చేసే అలవాటు అక్కడ ఉంది. ముగింపు వెతుకుతూ అదే కథతో ఇంతకుముందు తీసిన సీరియల్ కథ చదివేసేవాళ్లూ ఉంటారు. అది ఏ ఏడాదిదో పోల్చుకోవాలంటే, థాయ్ పేజీలో ఏడు బౌద్ధ శకంలో ఉంటుంది కాబట్టి, 2561 అని ఉంటే 543 తీసేయండి, అది 2018.

మధ్యదారి పట్టినవాళ్లు చేయాల్సిన పని కొంచెమే. ఎక్స్ సెట్టింగుల్లో మ్యూట్ చేసే మాటల జాబితాకు సీరియల్ థాయ్ పేరు, ఇంగ్లిష్ పేరు, పాత్రల పేర్లు, జంటపేరు (ఇద్దరు నటుల పేర్లు కలిపి అభిమానులు పెట్టుకున్నది) చేర్చండి. జంటపేరు మరిచిపోతే మిగతావన్నీ వృథా, ఎందుకంటే అభిమానులు వాడేది అదే. గడువు ఏడు రోజులు చాలు. ఇది టైమ్‌లైన్‌కు, నోటిఫికేషన్లకే పనిచేస్తుంది, వెతికితే మాత్రం అన్నీ బయటపడతాయి. యూట్యూబ్‌లో ముద్దు సీనే థంబ్‌నెయిల్ అవుతుంది కాబట్టి ఆ రాత్రి అటు వెళ్లకపోవడమే మందు. ఎపిసోడ్ చూశాక మ్యూట్ తీసి హ్యాష్‌ట్యాగ్‌ను పాత పోస్టుల నుంచి చదవండి. సీన్ల వరుసలోనే స్పందనలు వస్తాయి, థాయ్ జనం పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ట్రెండింగ్‌లో మొదటి స్థానం చూసి బాగుందనుకోవద్దు. అది జంట అభిమానులు ముందే మాట్లాడుకుని ఎక్కించింది కావచ్చు. వచ్చే వారం ట్రైలర్‌ను కూడా అంతే నమ్మండి. వేర్వేరు సీన్లలోని తూటానీ, ఏడుపునీ కలిపి అతికించడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

ఒక్క చివరి ఎపిసోడ్‌కు మాత్రం ఈ లెక్క మార్చుకోండి. పెళ్లా, చావా అన్నది సబ్‌టైటిల్స్ రాకముందే ప్రతి గోడ మీదా ఫొటోగా దిగిపోతుంది. ఆ రాత్రి ఏడింటికి ముక్క అర్థం కాకపోయినా సూటిగా చూసేయండి, మాటల కోసం మర్నాడు మళ్లీ చూడొచ్చు.