కంచె లోపలి కుటుంబాలు: ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’ వీడియో గేమ్ సమీక్ష

జాంబీల ఆట అనగానే తలుపులు బద్దలుకొట్టుకుని వచ్చే గుంపులూ, వాటిని తుపాకితో తెగటార్చే వీరుడూ గుర్తుకు రావడం సహజం. నాటీ డాగ్ సంస్థ తయారుచేసిన ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’లో ఆ రెండూ ఉన్నాయి. అయినా ఈ ఆటకు విలువ తెచ్చినవి అవి కావు. మహమ్మారి దేశాన్ని కమ్ముకున్నప్పుడు, కాపాడతామని వచ్చిన సైన్యమే గోడలు కట్టి, రేషను కార్డులు పంచి, చీకటి పడగానే జనాన్ని ఇళ్ళలోకి తరిమే ప్రభుత్వంగా మారిపోతే, ఆ గోడల మధ్య తండ్రీబిడ్డలకూ, అన్నదమ్ములకూ ఏమవుతుందో ఇంత ఓపికగా చూపిన ఆట మరొకటి నాకు తారసపడలేదు. అంత బాగా మొదలుపెట్టిన ఆ విషయాన్ని సగంలో వదిలేయడమే దీనిమీద నాకున్న ప్రధానమైన ఫిర్యాదు కూడా.

ఈ ఆట మొదట 2013 జూన్‌లో ప్లేస్టేషన్ 3 కోసం వచ్చింది. దాన్నే కొత్త బొమ్మలతో, కొత్త ముఖకవళికలతో తిరగరాసి 2022 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5కూ, 2023 మార్చిలో కంప్యూటరుకూ ‘పార్ట్ 1’ పేరుతో విడుదల చేశారు. నేను ఆడినది ప్లేస్టేషన్ 5 మీద, విశాఖలోనే చేతులు మారిన ఒక పాత డిస్కుతో. పక్కన సోఫాలో కూర్చుని సలహాలివ్వడానికి ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు ఉన్నాడు.

ఆరంభ ఘట్టాన్ని కొంత చెప్పకుండా ఈ సమీక్ష రాయడం సాధ్యం కాదు. టెక్సస్ రాష్ట్రంలో ఒక మామూలు ఇల్లు. వడ్రంగం, కట్టుబడి పనులు చేసుకునే జోయెల్, అతని కూతురు శారా. ఆటగాడి చేతికి మొదట ఇచ్చేది తండ్రిని కాదు, ఆ అమ్మాయిని. అర్ధరాత్రి నిద్రలేచి నాన్న కోసం గదిగదీ వెతుక్కునే పిల్లగా మనం నడుస్తాం; ఆసుపత్రులలో రోగుల సంఖ్య పెరిగిపోతోందన్న వార్త ఉన్న దినపత్రిక స్నానాలగదిలో కనిపిస్తుంది. కాసేపటికి బాబాయి టామీ బండి తోలుతుంటే వెనకసీట్లో కూర్చుని కిటికీలోంచి చూడడం తప్ప మన చేతిలో ఏమీ ఉండదు. దారిలో పసిబిడ్డతో ఉన్న ఒక కుటుంబం బండి ఆపమని చేతులూపుతుంది. ఆపొద్దంటాడు జోయెల్. వాళ్ళకూ పిల్ల ఉందని తమ్ముడు అంటే, మనకూ ఉందని అన్న జవాబిస్తాడు.

“మావయ్యా, బండి ఆపడానికి ఏదైనా బటన్ ఉందేమో చూడండి” అన్నాడు మావాడు. “లేదురా, చూస్తూ కూర్చోవడమే” అన్నాను. ఆటగాడికి ఎంపిక ఇవ్వకపోవడాన్ని చాలామంది లోపంగా చెబుతారు గాని, ఈ ఒక్క చోట మాత్రం అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు కమ్ముకున్నప్పుడు, పిల్లలను భుజాన వేసుకుని పరుగెత్తినవారినీ, రోడ్డు మీదే కుప్పకూలినవారినీ మన ఊరు చూసింది. ఆనాడు ముక్కూమొగమూ తెలియని బిడ్డలను ఎత్తుకుని పరుగులు తీసినవారు ఎందరో ఉన్నారు. అది తెలిసిన పాఠకుడికి జోయెల్ మాట కటువుగానే వినిపిస్తుంది. అయితే అతను తప్పు చేశాడని ఆట తీర్పు చెప్పదు, ఒప్పని వెనకేసుకునీ రాదు. ఆ కుటుంబాన్ని అలా రోడ్డు పక్కనే వదిలి ముందుకు పోతుంది.

ఆ తరువాత వచ్చేది సైనికుడు. ఊరి పొలిమేరలో తండ్రీకూతుళ్ళకు ఎదురుపడిన ఆ సిపాయి వారిని ఆపి, రేడియోలో పైఅధికారికి విషయం చెబుతాడు. చిన్నపిల్ల ఉందని ఒకసారి గుర్తుచేస్తాడు. అవతలినుంచి వచ్చిన ఆజ్ఞ మనకు వినపడదు, అతను వెనకాడడం మాత్రం వినపడుతుంది. ఆ పైన జరిగేది ఆడబోయేవారికే వదిలేస్తున్నాను. విశాఖలాంటి ఊరిలో ఈ దృశ్యం మింగుడుపడడం కష్టం. తూర్పు నావికాదళ కేంద్రం మన ఊరిలో ఉంది. యూనిఫాం వేసుకున్నవారు మనకు పక్కవాటా పొరుగువారు, బడిలో మన పిల్లల స్నేహితుల తండ్రులు. నేవీ డే వేడుకలకు ఆర్కే బీచ్‌లో పిల్లలను భుజాల మీద కూర్చోబెట్టుకుని నిలబడే జనం మనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చిపెట్టాక, చెట్లు కొట్టి దారులు తీసిన సైనికులనూ నావికులనూ ఇంకా తలచుకునేవారు ఉన్నారు. సైనికుడంటే ఆ చిత్రమే మనసులో ఉన్నవారికి, కనికరం ఉండి కూడా ఆజ్ఞకు లోబడిన ఈ సిపాయి ఏ రాక్షసుడికన్నా ఎక్కువ భయం కలిగిస్తాడు. ఆట మొత్తంలో నన్ను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నవి ఆ అర నిమిషమే.

అక్కడినుంచి కథ 20 ఏళ్ళు ముందుకు దూకి బోస్టన్ నగరంలోని క్వారంటైన్ జోన్‌లో తేలుతుంది. ఈ భాగమే ఈ ఆటకు ప్రాణం. ఎత్తైన గోడలు, ముళ్ళతీగ, గుర్తింపు కాగితాలు ఎల్లవేళలా దగ్గర ఉంచుకోవాలని పదే పదే చెప్పే లౌడ్‌స్పీకరు, తెరవని రేషను కేంద్రం ముందు సరుకు మళ్ళీ తక్కువైందేమోనని గొణుక్కునే జనం కనిపిస్తారు. ఒక వీధిలో సైనికులు ఒక భవనంలోని వారిని బయటికి లాగి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, మెడ దగ్గర స్కానర్ పెట్టి చూస్తుంటారు. యంత్రం సోకిందని చెప్పిన మనిషికి అక్కడికక్కడే సూది వేసి ప్రాణం తీస్తారు; పరుగెత్తబోయినవాడిని కాల్చేస్తారు. ఇదంతా మన దారికి అడ్డంగా కాదు, పక్కగా జరుగుతుంది. ఆగి చూడవచ్చు, చూడకుండా పోవచ్చు. వీధిలోని మిగతా జనం ఆగి చూడరు, అలవాటుపడ్డవారిలా తప్పుకుపోతారు. ఇరవై ఏళ్ళ కంచె బతుకు ఎలా ఉంటుందో చెప్పడానికి అంతకన్నా పెద్ద సంభాషణ అవసరం లేదు.

రేషను కార్డును ఈ ఆట వాడుకున్న తీరును ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. జోన్‌లో డబ్బుకు విలువ లేదు. లంచమైనా, దొంగసరుకైనా, పూచీకత్తయినా కార్డులతోనే నడుస్తుంది. జోయెల్, అతని భాగస్వామి టెస్ గోడ అవతలికీ ఇవతలికీ సరుకు దొంగచాటుగా చేరవేసి బతుకుతుంటారు. తిండిని తన గుప్పిట్లో పెట్టుకున్నవాడికి తుపాకి తరచు పేల్చవలసిన అవసరం ఉండదని గ్రహించిన రచయితలు రాసిన ఘట్టాలివి. 2020 మార్చిలో, కోవిడ్ వేళ, మన ఊరి అల్లిపురం చుట్టూ కంచెలు వేసి కంటైన్‌మెంట్ జోన్‌గా ప్రకటించినప్పుడు, ఇంటింటికీ వచ్చి జ్వరం ఉందా అని అడిగినప్పుడు, నుదుటికి గురిపెట్టే ఆ థర్మామీటరు ముందు నిలబడ్డవారెవరికైనా ఈ స్కానర్ దృశ్యం కొంత తెలిసినట్టే ఉంటుంది. తేడా కూడా అంతే స్పష్టంగా తెలుస్తుంది. ఇక్కడ కంచె వేసినవారు జిల్లా యంత్రాంగం, పోలీసులు; ఆధారం 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. గుంపులను చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలవాలన్నా ముందు మేజిస్ట్రేటు కోరవలసి ఉంటుంది. పాత నేర విచారణ స్మృతిలోని 130వ సెక్షను చెప్పింది అదే, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 149వ సెక్షను చెబుతున్నదీ అదే. ఆటలో ఈ జోన్లను నడిపే ఫెడ్రా అనే సంస్థ పుట్టుకతో విపత్తు సహాయక సంస్థే. అడిగేవాడు లేకపోవడంతో అదే చట్టమూ కోర్టూ తలారీ అయి కూర్చుంది. అది ఎలా జరిగిందో ఆట విడమరిచి చెప్పదు; అక్కడక్కడ దొరికే కాగితాలు, గోడరాతలు చదువుకుంటూ మనమే కూర్చుకోవాలి. ఆ కాగితాలను వదిలేసి పరుగెత్తే ఆటగాళ్ళు సగం కథను పోగొట్టుకుంటారు.

ఇక ఫిర్యాదు సంగతి. ఇంత శ్రద్ధగా కట్టిన ఆ జోన్‌లో ఆట మనల్ని ఎంతోసేపు ఉండనివ్వదు. పదునాలుగేళ్ళ ఎల్లీ అనే పిల్లను గోడ దాటించే పని నెత్తిన పడగానే కథ బయటికి పోతుంది, ఆ తరువాత ఆ వీధులకు తిరిగి రాదు. లోపల కాపురం చేస్తున్న ఒక్క కుటుంబం గడప కూడా మనం తొక్కం. రేషను వరుసలో నిలబడ్డ తల్లి సాయంత్రం ఏమి వండింది, కర్ఫ్యూ వేళ బిడ్డకు జ్వరం వస్తే ఎవరి తలుపు తట్టింది అన్నవి మనకు తెలియవు. సైనికులకైతే హెల్మెట్లే తప్ప ముఖాలు లేవు. ఆరంభంలో ఆ ఒక్క సిపాయికి ఇచ్చిన వెనకాటు ఇక్కడ ఎవరికీ ఇవ్వలేదు. గోడ దాటగానే వారు కేవలం తప్పించుకోవలసిన, లేదా చంపవలసిన శత్రువులుగా మిగులుతారు. వారికీ అదే జోన్‌లో ఇళ్ళూ వాకిళ్ళూ ఉండాలి కదా? నేవీ కుటుంబాల పక్కన బతికే ఊరివాడిగా నాకు ఈ లోటు బాగా తెలిసింది.

ఆ లోటును కొంతవరకు తీర్చేవి తరువాతి మజిలీలు. పిట్స్‌బర్గ్‌లో జనం తిరగబడి సైన్యాన్ని తరిమేశారు. ఆ తిరుగుబాటుదారులే ఇప్పుడు దారినపోయేవారిని దోచి చంపే ముఠాగా మారారు. సైనికపాలన పోతే చాలు, అంతా బాగుపడుతుందన్న తేలిక ఆలోచనకు ఆట అక్కడ అడ్డుపడుతుంది. హార్ట్‌ఫర్డ్ జోన్‌ను సైన్యం వదిలేసి వెళ్ళాక బయటపడ్డ హెన్రీ, శామ్ అనే అన్నదమ్ములు అక్కడే కలుస్తారు. తమ్ముడిని కాపాడుకోవాలన్న ఆత్రంలో హెన్రీ పిల్లవాడికి ఆటబొమ్మ కూడా దక్కనివ్వని కఠినమైన క్రమశిక్షణ పెడతాడు. గోడలు విడిచి వచ్చినా జోన్ అతన్ని విడవలేదని నాకనిపించింది. ఆ తరువాత భూగర్భ మురుగుకాలువలలో, సైన్యమూ పాలకులూ ఎవరూ లేకుండా కొన్ని కుటుంబాలు పిల్లాపాపలతో కలిసి బతికిన ఒక స్థావరం వస్తుంది. ఇష్ అనే మనిషి రాసిపెట్టిన చీటీలు, పిల్లల కోసం గోడమీద రాసిన నియమాలు, పిల్లలు గీసిన బొమ్మలు మాత్రమే అక్కడ మిగిలాయి. మనుషులెవరూ కనిపించని ఈ ఘట్టంలో కుటుంబాల బతుకు బోస్టన్‌లోకన్నా నిండుగా తెలియడం విచిత్రమే. ఏమైందో చీటీలన్నీ వరుసగా చదివితేనే బోధపడుతుంది.

డిస్కులోనే కలిపి ఇచ్చిన ‘లెఫ్ట్ బిహైండ్’ అనే చిన్న అనుబంధ కథను ఎవరూ వదలకూడదు. సైన్యం నడిపే బోర్డింగు బడిలో పెరుగుతున్న ఎల్లీ, ఆమె స్నేహితురాలు రైలీ ఒకసారి దొంగతనంగా బయటపడి, పాడుబడిన షాపింగ్ మాల్‌లో తిరుగుతారు. అనాథలను సైనికులుగా తీర్చిదిద్దే బడి అది. అక్కడి పిల్లలకు భవిష్యత్తంటే గోడమీద కాపలా కాయడమే. రంగులరాట్నం ఎక్కి నవ్వే ఆ ఇద్దరినీ చూస్తే, ప్రధాన కథ వదిలేసిన జోన్ బాల్యం ఎలాంటిదో కొంత తెలుస్తుంది.

ఆడే తీరు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నక్కి నక్కి నడవడం, సీసా విసిరి దృష్టి మళ్ళించడం, మిగిలిన నాలుగు తూటాలను లెక్కపెట్టుకోవడం. నిచ్చెనలు, చెక్కపలకలు మోసుకుపోయి దారి చేసుకునే చిక్కుముడులు మూడోసారికే విసుగు పుట్టిస్తాయి. చూపు మందగించినవారి కోసం సన్నివేశాలను మాటలలో వర్ణించి వినిపించే ఏర్పాటు ఉండడం మాత్రం మెచ్చుకోదగినది. గుస్తావో శాంతావొలాలా సంగీతం చాలాచోట్ల మౌనంగా ఉండడమే దాని గొప్పతనం. ఆటలోని మహమ్మారికి మూలమైన కార్డిసెప్స్ శిలీంధ్రం చీమలకు పట్టి వాటిని ఆడించడం నిజమే గాని, మనుషులకు అలా సోకడం కల్పన. ఇంట్లో పెద్దవారు భయపడితే ఆ మాట చెప్పండి.

ఇది పెద్దల ఆట. రక్తపాతం దాచరు, పసివాళ్ళ మరణాలు ఉన్నాయి; హైస్కూలు పిల్లల చేతికి ఇవ్వకూడదు. తెలుగులో మాటలు గాని ఉపశీర్షికలు గాని లేవు, అందుచేత ఇంగ్లీషు చదవడంలో వేగం లేనివారు చీటీలు చదివేటప్పుడు ఆటను ఆపుకోవలసి వస్తుంది. కంప్యూటరు వెర్షను విడుదలైనప్పుడు లోపాలతో వచ్చింది, తయారీదారులే ఒప్పుకుని వరుసగా దిద్దుబాట్లు విడుదల చేశారు. కొనేవారు కనీసం 16 జీబీ మెమరీ, 100 జీబీ ఖాళీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. పాత ఆటలో ఉన్న బహుళ క్రీడాకారుల విభాగం ఇందులో లేదు. ప్లేస్టేషన్ 4 కోసం వచ్చిన పాత కూర్పు ఇప్పటికే మీ అలమరలో ఉంటే, కథ ఒకటే కాబట్టి కొత్తదానికి పూర్తి ధర పెట్టవలసిన పని లేదు. ఇంతవరకు ఆడనివారు మాత్రం ఈ కొత్త కూర్పుతోనే మొదలుపెట్టాలి. సిపాయి వెనకాడే ఆ అర నిమిషానికీ, బోస్టన్ వీధుల జనం కళ్ళకూ పాత బొమ్మలు చేసిన న్యాయం చాలదు.